బన్‌గావ్ ఉప్పునీళ్ళు

మన ఊళ్ళలో సెలైన్ సీసాకి ఉన్న గౌరవం ఇంకే మందుకీ లేదు. డాక్టరు మాత్రలు రాసిస్తే "ఉత్త మాత్రలేనా" అంటాం. సూది వేస్తే కాస్త నయం. అదే స్టాండుకి సీసా తగిలించి, గొట్టంలో చుక్కలు పడటం మొదలయితే చుట్టాలందరికీ ఒక్కసారిగా ధైర్యం వచ్చేస్తుంది. జ్వరమొచ్చినా, నీరసంగా ఉన్నా, పెళ్ళిపనుల్లో తిరిగి తిరిగి అలిసిపోయినా "ఓ గ్లూకోజ్ ఎక్కించండి డాక్టరు గారూ" అని మనమే అడిగి మరీ ఎక్కించుకుంటాం. ఆర్ఎంపీ డాక్టరు దగ్గర స్టాండు లేకపోతే కిటికీ ఊచకైనా సరే సీసా వేలాడాల్సిందే.

ఆ సీసాలు అయిపోయిన చోట, దానిలో ఉండే నీళ్ళనే కాస్త మార్చి డ్రమ్ములో కలిపి "గ్లాసుతో ముంచుకుని తాగించండి" అని చెప్పిన డాక్టరు ఒకాయన ఉన్నారు. పేరు దిలీప్ మహలనబిస్. 2022 అక్టోబరు 16న కలకత్తాలో, 87 ఏళ్ళ వయసులో పోయారు. (మెషిన్ లెర్నింగ్ చదివినవాళ్ళకి వెంటనే మహలనోబిస్ దూరం గుర్తొస్తుంది. ఆయన వేరు, ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు, స్టాటిస్టిక్స్ పెద్దాయన. ఈయన పిల్లల డాక్టరు.) ఆయన చేసినదాన్ని మామూలుగా "ఓఆర్ఎస్ కనిపెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నిజానికి ఓఆర్ఎస్ ని ఆయన కనిపెట్టలేదు. ఆయన చేసింది దానికంటే కష్టమైన పని అని నా ఉద్దేశం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు కలరా సంగతి. తెలంగాణలో దీన్ని గత్తర అంటారు. ఇప్పటికీ ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే నోట్లోంచి వచ్చే మాట "గత్తరొచ్చి పోను" అనే. రోగం ఊళ్ళోంచి పోయినా భయం మాత్రం భాషలో ఉండిపోయింది. ఆ భయంలో అతిశయోక్తి ఏమీ లేదు. పొద్దున బాగా ఉన్న మనిషి సాయంత్రానికి లేకుండా పోవచ్చు. కలరా సూక్ష్మజీవి పేగుల్ని తినేయదు, రక్తంలోకి కూడా వెళ్ళదు. పేగులో కూర్చుని ఒక విషాన్ని వదులుతుంది, అంతే. ఆ విషం పని చేసే తీరు చూస్తే మన వృత్తివాళ్ళకి నవ్వు, భయం రెండూ వస్తాయి. పేగు గోడలో ఉన్న కణాలకి "లవణాలు బయటికి వదులు" అనే స్విచ్ ఒకటుంటుంది. విషం వెళ్ళి ఆ స్విచ్ ని ఆన్ లో ఇరికించేస్తుంది. క్లోరైడు బయటికి పోతూ ఉంటుంది, వెనకాలే సోడియం, దాని వెనకాలే నీళ్ళు. కుళాయి కట్టడం ఎవరి చేతా కాదు. తీవ్రంగా ఉంటే గంటకి లీటరు దాకా ఒంట్లో నీరు పోతుంది. మనిషి చచ్చిపోయేది సూక్ష్మజీవి వల్ల కాదు, దాహం వల్ల అనుకోవచ్చు.

(ఈ విషాన్ని కనిపెట్టింది కూడా కలకత్తా వాడే, శంభునాథ్ డే. 1959లో కుందేలు పేగు ముక్కని రెండు వైపులా ముడివేసి, అందులో సూక్ష్మజీవుల్ని తీసేసిన కలరా ద్రవాన్ని ఎక్కించి చూపించాడు. నేచర్ పత్రికలో వచ్చింది. ఆయన బతికుండగా మన దేశం ఆయన్ని పట్టించుకున్నది బహు తక్కువ. అది వేరే పెద్ద కథ, ఇంకోసారి.)

కాబట్టి వైద్యం ఏమిటో పేపరు మీద చాలా తేలిక. పోయిన నీళ్ళు, పోయిన ఉప్పు తిరిగి ఇవ్వాలి, రోగం దానంతటదే కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. నరంలోకి సెలైన్ ఎక్కిస్తే దాదాపు అందరూ బతుకుతారు. 1960లకల్లా మంచి ఆసుపత్రుల్లో కలరా మరణాలు ఒక శాతం లోపుకి వచ్చేశాయి కూడా.

చిక్కంతా లెక్కలో ఉంది. యాభై కిలోల మనిషి బాగా శోషించిపోయి వస్తే ముందుగా ఎక్కించాల్సింది ఐదు లీటర్లు. ఆ తర్వాత పోతున్నదానికి పోతున్నంత. మనిషికి పది లీటర్లు వేసుకున్నా, రోజుకి వంద మంది వస్తే వెయ్యి లీటర్లు. అరలీటరు సీసాలయితే రెండు వేలు. అన్నీ స్టెరైల్ గా ఉండాలి, గాజుసీసాలు, గొట్టాలు, సూదులు కావాలి, వాటిని మోసే లారీ కావాలి, లారీకి రోడ్డు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎండిపోయి నూలుపోగులా అయిపోయిన నరాన్ని వెతికి సూది గుచ్చగలిగిన చెయ్యి కావాలి. కలరా వచ్చే ఊళ్ళో ఇవన్నీ ఉంటే అసలు కలరా ఎందుకు వస్తుందండీ?

అయితే నోటి ద్వారా ఇవ్వచ్చు కదా అన్న ఆలోచన ఎవరికీ రాలేదా అంటే, వచ్చింది. 1953లోనే కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టరు కలరా రోగులకి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి లాన్సెట్ లో రాశాడు. ఎవరూ పెద్దగా నమ్మలేదు. ఉత్త ఉప్పునీళ్ళు తాగిస్తే కలరా పేగు పీల్చుకోదు, ఇంకా విరేచనాలు ఎక్కువవుతాయి అన్నది అందరికీ అనుభవమే. గ్లూకోజు కలిపితే ఎందుకు పీల్చుకుంటుందో అప్పటికి సరిగ్గా తెలియదు.

1960లో రాబర్ట్ క్రేన్ అనే బయోకెమిస్టు ఆ కారణం చెప్పాడు. పేగు కణంలో గ్లూకోజుకీ సోడియానికీ కలిపి ఒక గేటుంది. ఇద్దరూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. గ్లూకోజు లోపలికి వెళ్తూ సోడియాన్ని వెంట లాక్కెళ్తుంది, సోడియం వెనక నీళ్ళు వెళ్తాయి. కలరా విషం ముందు తలుపునంతా నాశనం చేసినా ఈ పక్క గేటు జోలికి మాత్రం పోదు. ఎంత అదృష్టమో చూడండి, పంచదార పానకంలో చిటికెడు ఉప్పు వేస్తే చాలు, వాగులా పారుతున్న పేగులోంచి కూడా నీళ్ళు లోపలికి వెళ్తాయి.

కానీ మోతాదు దగ్గర పప్పులో కాలేస్తే ప్రాణమే పోతుంది. 1960ల మొదట్లో మనీలాలో అమెరికా నేవీ డాక్టరు రాబర్ట్ ఫిలిప్స్ బృందం ఇలాంటి ద్రవాన్నే ప్రయత్నించింది. లవణాలు మరీ చిక్కగా ఉండటంతో వికటించి కొందరు రోగులు చనిపోయారు. ఆ దెబ్బతో ఫిలిప్స్ ఏళ్ళ తరబడి నోటి వైద్యం పేరెత్తితే ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఢాకాలోని కలరా ప్రయోగశాలలో డేవిడ్ నలిన్, రిచర్డ్ కాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు, రోగికి ఎంత పోతోందో కొలిచి అంతే తాగిస్తూ 1968లో లెక్కప్రకారం నిరూపించారు. ఐవీ ద్రవం అవసరం 80 శాతం తగ్గింది. అప్పటికి వాళ్ళకి పాతికేళ్ళు దాటి ఒకటి రెండేళ్ళు, అంతే! (మనం ఆ వయసులో ఏం చేస్తున్నామో ఆలోచించకపోవడమే ఆరోగ్యానికి మంచిది.) కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే కేంద్రంలో నాథానియెల్ పియర్స్ బృందం కూడా ఇంచుమించు అదే సమయంలో అదే ఫలితానికి వచ్చింది.

ఇక్కడే అసలు సంగతి. 1968కల్లా ఓఆర్ఎస్ సిద్ధంగా ఉంది. మన భాషలో చెప్పాలంటే ల్యాబ్ లో అన్ని టెస్టులూ పాసయింది. ప్రొడక్షన్ లో పెట్టడానికే ఎవరికీ ధైర్యం లేదు. ఎందుకంటే ఆ పరీక్షలన్నీ జరిగింది శిక్షణ పొందిన నర్సులు ప్రతి గంటకీ బకెట్టులో కొలత చూసి రాసుకునే వార్డుల్లో. పెద్ద డాక్టర్ల వాదన ఒక్కటే: ఇది జాగ్రత్తగా, డాక్టర్ల కనుసన్నల్లో జరగాల్సిన పని. చదువులేని వాళ్ళ చేతిలో పెడితే మనీలాలో జరిగిందే మళ్ళీ జరుగుతుంది. ఇందులో తీసిపారేయాల్సిందేమీ లేదు. మనుషులు చచ్చిపోయిన తర్వాత వచ్చిన జాగ్రత్త అది.

ఇక మన కథానాయకుడు. 1934 నవంబరులో కిశోర్‌గంజ్ లో పుట్టారు, ఇప్పుడది బంగ్లాదేశ్ లో ఉంది. 1958లో కలకత్తా మెడికల్ కాలేజీలో డాక్టరయ్యి, బ్రిటన్ వెళ్ళి లండన్, ఎడిన్‌బరోల్లో పిల్లల వైద్యంలో పై చదువులు చదివారు. లండన్ లో క్వీన్ ఎలిజబెత్ పిల్లల ఆసుపత్రిలో రిజిస్ట్రారుగా చేసిన మొదటి భారతీయుడు ఆయనే అంటారు. అంతా బాగానే ఉంది, అక్కడే ఉండిపోవచ్చు. 1960ల మధ్యలో తిరిగొచ్చి కలకత్తాలో ఆ జాన్స్ హాప్కిన్స్ కేంద్రంలో చేరి కలరా మీద పడ్డారు. ఎందుకు తిరిగొచ్చారన్నదాని మీద నేను కథలల్లదలుచుకోలేదు. ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చిన ప్రతివాడినీ మనం ఎలాగూ అనుమానంగానే చూస్తాం కదా.

1971. తూర్పు పాకిస్తాన్ లో మార్చిలో సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. ఆ ఏడాది చివరికి సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశంలోకి వచ్చారు. ఈ కోటి అనే అంకెని మనం పరీక్షలో రాసేసి మర్చిపోయాం గానీ, ఒక్కసారి ఆగి ఊహించుకోండి. నడిచి వచ్చినవాళ్ళు, ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు, సిమెంటు తూముల్లో, చెట్ల కింద, బురదలో. దాని మీద వానాకాలం. తాగేదీ అదే నీరు, వాడేదీ అదే నీరు. కలరా రాకపోతేనే ఆశ్చర్యం.

జూన్ చివర్లో మహలనబిస్ బృందం బన్‌గావ్ వెళ్ళింది. సరిహద్దుకి ఆనుకుని ఉన్న చిన్న పట్టణం అది. చుట్టుపక్కల సుమారు మూడున్నర లక్షల శరణార్థులు. ఉన్నది చిన్న ఆసుపత్రి, అందులో కలరాకి రెండు గదులు. మంచాలు ఎప్పుడో నిండిపోయి రోగులంతా నేల మీదే పడి ఉన్నారు. ఎవరికైనా సెలైన్ పెట్టాలంటే ఆ వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే అని ఆయన చాలా ఏళ్ళ తర్వాత గుర్తు చేసుకున్నారు. బృందంలో నరానికి సూది పెట్టడం వచ్చినవాళ్ళు ఇద్దరే. రెండు రోజుల్లో ఆయనకి అర్థమయిపోయింది, ఈ యుద్ధంలో ఓడిపోతున్నామని. సీసాలు అయిపోవస్తున్నాయి, మనుషులు వస్తూనే ఉన్నారు. అక్కడక్కడా శిబిరాల్లో కలరా వచ్చినవాళ్ళలో 30 శాతం దాకా చనిపోతున్నారు.

అప్పుడు ఆయన ముందున్నవి రెండు దారులు. సీసాలు పంపండి అని పైవాళ్ళకి రాస్తూ, ఉన్న సీసాలు ఉన్నవాళ్ళకి పెట్టి, మిగిలినవాళ్ళ విషయంలో చేతులెత్తేయడం. ఎవరూ తప్పుపట్టేవారు కాదు. రెండోది, ఇంతవరకూ వార్డు దాటి బయటికి రాని వైద్యాన్ని, కొలతలూ రికార్డులూ లేకుండా, రోగి తల్లి చేతిలో, చెల్లెలి చేతిలో పెట్టడం. అది వికటిస్తే తప్పు పూర్తిగా ఆయన నెత్తినే పడేది, ఉద్యోగమే కాదు పరువూ పోయేది, నోటి వైద్యం ఇంకో ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళేది. అది జూదమే. ఆయన రెండోదే పట్టుకున్నారు.

సూత్రాన్ని బాగా కుదించారు. ఒక లీటరు నీళ్ళకి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల వంట సోడా. అంతే. పద్ధతి ప్రకారం పొటాషియం కూడా ఉండాలి, దాన్ని వదిలేశారు. ఇంజనీర్లకి ఇది తెలిసిన బాధే. ఫీచర్ తీసేస్తేనే రిలీజ్ బయటికి వెళ్తుంది. ఏది తీస్తే ప్రాణానికి ముప్పు లేదో, ఏది తీస్తే ఉందో తెలిసినవాడికే ఆ కత్తిరింపు చేతనవుతుంది. సరుకులు కలకత్తా బజార్లో కొన్నారు. కలకత్తా కేంద్రంలోని లైబ్రరీ గదిని ఖాళీ చేసి అక్కడే తూకం వేసి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతులు అతికించారు. నాలుగు లీటర్లకో సైజు, పదహారు లీటర్లకో సైజు. బన్‌గావ్ లో డ్రమ్ముల్లో నీళ్ళు పోసి ఆ పొడి కలిపేవారు. రోగితో వచ్చినవాళ్ళు కుళాయి తిప్పి గ్లాసులో పట్టుకుని తాగించాలి. ఎంత? దాహం తీరేంత, పోతున్నకొద్దీ. బాగా షాక్ లోకి వెళ్ళిపోయినవాళ్ళకి మాత్రం మొదట ఐవీ తప్పదు, నోటితో మింగలేరు కదా. వాళ్ళు కాస్త తేరుకోగానే సీసా తీసేసి గ్లాసు చేతికిచ్చేవారు. అలా ఉన్న కాసిని సీసాలూ నిజంగా అవసరమైనవాళ్ళకి మిగిలాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. జనం మొదట నమ్మలేదు. "పట్నం నుంచి డాక్టర్లు వచ్చి ఉప్పునీళ్ళు ఇస్తారా? అసలు మందు దాచేసుకుని మాకు రెండో రకం ఇస్తున్నారు" అన్న అనుమానం. (సెలైన్ సీసా మీద మోజు మనదొక్కరిదే కాదు.) మహలనబిస్ దానికి ఉపన్యాసాలివ్వలేదు. ఆ నీళ్ళకి "ఓరల్ సెలైన్" అని పేరు పెట్టారు. సెలైన్ అంటే గొప్పదని అందరికీ తెలుసు, ఇదీ సెలైనే, కాకపోతే నోటితో తాగేది. ఆ పేరు బాగా పనిచేసిందని ఆయనే చెప్పారు. మూఢనమ్మకం మీద యుద్ధం ప్రకటించకుండా, దాన్నే బండికి కట్టి లాగించుకున్నారన్నమాట. మన ప్రొడక్ట్ మేనేజర్లు నేర్చుకోవాల్సిన విద్య ఇది.

రెండు మూడు వారాల్లో సంగతి తేలిపోయింది. డాక్టర్లు కానివాళ్ళ చేతుల్లో అది పనిచేస్తోంది. ఎనిమిది వారాల్లో 3,700 మందికి పైగా రోగుల్ని చూశారు. వాళ్ళ వార్డుల్లో మరణాలు 3.6 శాతం. ముప్పై ఎక్కడ, మూడున్నర ఎక్కడ! తయారుచేసే పద్ధతిని బంగ్లాదేశ్ విమోచన పోరాటం వాళ్ళ రహస్య రేడియోలో కూడా చెప్పారు, సరిహద్దుకి అవతల ఉండిపోయినవాళ్ళ కోసం.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇది కంట్రోల్డ్ ట్రయల్ కాదు. సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకుండా చూసే పరిస్థితి అక్కడ లేదు, ఉన్నా చేయకూడదు. ముందు 30 శాతం, తర్వాత 3.6 శాతం అన్న పోలికలో వేరే తేడాలు కూడా కలిసి ఉండొచ్చు అని ఎవరైనా అంటే కాదనలేం. కాకపోతే నీళ్ళు, లవణాలు లోపలికి వెళ్ళి నిలుస్తాయని ఢాకా, కలకత్తా వార్డుల్లో అప్పటికే కొలిచి చూపించారు. బన్‌గావ్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది కాదు. చదువు రాని తల్లి, వరదలాంటి జనం మధ్య, కొలత లేకుండా తాగిస్తే ప్రమాదమా కాదా అన్నదే ప్రశ్న. దానికి ల్యాబ్ లో జవాబు దొరకదు.

వ్యాసం 1973లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ జర్నల్ లో అచ్చయ్యింది. వెంటనే ప్రపంచం లేచి చప్పట్లు కొట్టిందనుకుంటే పొరపాటు. పెద్దవాళ్ళలో చాలామంది ఇంకా తల అడ్డంగానే ఊపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో ఉన్న ధీమన్ బరువా మాత్రం బన్‌గావ్ శిబిరానికి స్వయంగా వెళ్ళి చూసొచ్చినవాడు. ఆయన లోపలి నుంచి పట్టుబట్టాడు. 1978లో ఆ సంస్థ అతిసార వ్యాధుల మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ ఏడాదే లాన్సెట్ తన సంపాదకీయంలో, ఈ శతాబ్దపు వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చు అనే అర్థంలో రాసింది. ఛటర్జీ అదే పత్రికలో రాసి అప్పటికి పాతికేళ్ళు.

బన్‌గావ్ లో తేలిన సంగతిని చివరిదాకా తీసుకెళ్ళింది మాత్రం బంగ్లాదేశే. బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి పదేళ్ళ పాటు ఇంటింటికీ ఆడవాళ్ళని పంపింది. ప్యాకెట్టు కూడా లేదు. గుప్పెడు బెల్లం, మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, అరసేరు నీళ్ళు. చెప్పడం కాదు, తల్లి చేత కలిపించి చూసేవారు. కోటీ ఇరవై లక్షల ఇళ్ళు తిరిగారు. జీతం లెక్క ఇంకా బాగుంటుంది. కొన్నాళ్ళ తర్వాత ఇంకొకరు వెళ్ళి కొన్ని ఇళ్ళని ఎంచుకుని, ఆ తల్లికి ఎంత గుర్తుంది, సరిగ్గా కలుపుతోందా అని చూసేవారు. నేర్పినావిడకి డబ్బులు దాని ప్రకారమే. ఎన్ని ఇళ్ళు తిరిగావు అని కాదు, ఎంతమందికి వచ్చింది అని. మన అప్రైజల్ ఫారాలు నింపేవాళ్ళు ఓసారి దీని గురించి చదివితే బాగుండు.

ఆ తర్వాత మహలనబిస్ జీవితమంతా ఇదే పని. 1970ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అఫ్గానిస్తాన్, ఈజిప్టు, యెమెన్ లలో కలరా మీద, తర్వాత అతిసార పరిశోధనల మీద పనిచేశారు. ఆ తర్వాత ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రంలో క్లినికల్ పరిశోధనకి డైరెక్టరుగా ఉన్నారు. నలిన్, కాష్ పనిచేసిన ఆ పాత ప్రయోగశాలే పెరిగి ఆ కేంద్రమయింది. మళ్ళీ కలకత్తా వచ్చి పరిశోధన కోసం ఒక సొసైటీ పెట్టారు. 2002లో పిల్లల వైద్యంలో ఇచ్చే పోలిన్ బహుమతి నలిన్, పియర్స్, నార్బర్ట్ హిర్ష్‌హార్న్ లతో కలిపి ఈయనకి వచ్చింది. 2006లో థాయిలాండు వారి ప్రిన్స్ మహిడోల్ అవార్డు వచ్చింది. తన ఉద్యోగం మొదలుపెట్టిన కలకత్తా పిల్లల ఆసుపత్రికి కోటి రూపాయలు ఇచ్చేశారు. మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది, 2023లో. అంటే పోయిన మూడు నెలలకి. నోబెల్ రాలేదేం అని చాలామంది అడుగుతారు. నాకు దాని మీద పెద్ద పట్టింపు లేదు గానీ, ఈ దేశంలో కోట్ల మంది పిల్లల తల్లిదండ్రులకి ఆ పేరు బతికుండగా వినపడి ఉండాల్సింది అనిపిస్తుంది.

1980 ప్రాంతంలో విరేచనాలతో ప్రపంచంలో ఏటా సుమారు 46 లక్షల మంది ఐదేళ్ళలోపు పిల్లలు చనిపోయేవారని అప్పటి అంచనా. ఇప్పుడా సంఖ్య ఐదు లక్షల లోపు. అంతా ఓఆర్ఎస్ పుణ్యమే అనను. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, తిండి, టీకాలు అన్నీ ఉన్నాయి. (రోటావైరస్ టీకా ఒకటి మన హైదరాబాదులోనే తయారవుతుంది. 2016లో ప్రభుత్వం ఆ టీకా వేయడం మొదలుపెట్టిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటి.) అయినా సింహభాగంలో ఒక భాగం ఈ ఉప్పునీళ్ళదే.

అయిదు లక్షలకి దగ్గరగా ఇంకా ఎందుకు పోతున్నారు మరి? మందు ఖరీదు టీ ఖరీదంత. 2024లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కర్ణాటక, బీహార్ లలో రెండు వేలకి పైగా వైద్యం చేసేవాళ్ళ దగ్గరికి, "మా పిల్లాడికి విరేచనాలు" అంటూ నటించే మనుషుల్ని పంపి చూశారు. ఓఆర్ఎస్ రాయకపోవడానికి కారణాలు వెతికారు. సరుకు లేకపోవడం వల్ల రాయనిది 6 శాతం. వేరే మందులు అమ్మితే లాభం అని రాయనిది 5 శాతం. అందరికంటే పెద్ద కారణం, 42 శాతం, "వీళ్ళకి ఓఆర్ఎస్ ఇష్టం ఉండదు, అసలు మందు కావాలంటారు" అని డాక్టరు తనంతట తానే అనుకోవడం. తమాషా ఏమిటంటే, వచ్చినవాడు ముందుగానే ఓఆర్ఎస్ కావాలన్నట్టు మాట్లాడితే రాసేవాళ్ళు బాగా పెరిగారు. బన్‌గావ్ లో జనం డాక్టర్ని నమ్మలేదు, యాభై ఏళ్ళ తర్వాత డాక్టరు జనాన్ని నమ్మడం లేదు. మధ్యలో అదే ఉప్పునీళ్ళు. కాబట్టి పిల్లాడికి విరేచనాలయితే "సూది వేయండి" అనకుండా "ఓఆర్ఎస్ రాయండి" అని మనమే నోరు తెరిచి అడగడం ఉత్తమం. ఇది తేలిపోయిన లెక్క. అలాగని పిల్లాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

అన్నట్టు, అడిగి తెచ్చుకున్నాక కూడా పేరు చూసి మోసపోయే అవకాశం ఒకటి ఉండేది. డబ్బాల్లో పళ్ళరసం లాంటి తియ్యటి పానీయాలు పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకుని మెడికల్ షాపుల్లోనే అమ్ముడయ్యేవి. వాటిలో చక్కెర చాలా ఎక్కువ. మనీలా పాఠం గుర్తుందిగా, చిక్కదనం మితిమీరితే పేగు నీళ్ళని లోపలికి పీల్చుకోదు, ఒంట్లోంచే పేగులోకి లాక్కుంటుంది. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరు దీని మీద ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆహార పానీయాల పేర్లలో ఎక్కడా ఓఆర్ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశాలిచ్చింది. మహలనబిస్ ఒక పేరు అరువు తెచ్చుకుని జనాన్ని బతికించారు, వీళ్ళు అదే పేరు అరువు తెచ్చుకుని చక్కెర నీళ్ళు అమ్మారు.

మీరు కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక్కి తిప్పి చూడండి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇది: లీటరుకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. మొత్తం 20.5 గ్రాములు. బన్‌గావ్ డ్రమ్ములో కంటే పల్చగా ఉంటుంది, అలా అయితే పిల్లల్లో వాంతులు, విరేచనాలు ఇంకా తగ్గుతాయని తేలింది. పెద్ద ప్యాకెట్టయితే మొత్తం ఒకేసారి లీటరు మంచినీళ్ళలో కలిపేయాలి, గ్లాసుడు నీళ్ళలో కాస్త కాస్త వేసుకుంటే లెక్క తప్పుతుంది. కలిపినది ఒక్క రోజే వాడాలి, మర్నాటికి పారబోసి కొత్తది కలుపుకోవాలి.